క్లోనింగ్ మధ్యలో ఆగిపోయిందా? లోపం పాత డిస్క్‌దా, కొత్త ఎస్‌ఎస్‌డీదా, కేబుల్‌దా తేల్చే పద్ధతి

పాత హార్డ్ డిస్క్‌లోని విండోస్‌నీ, సాఫ్ట్‌వేర్లనీ, ఫైళ్లనీ ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీలోకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) దించడమే క్లోనింగ్. అన్నీ బాగుంటే గంటా గంటన్నరలో అయిపోతుంది. ఏ 37 శాతం దగ్గరో ఆగిపోయి ఎర్రర్ చూపించినప్పుడే అసలు చిక్కు. అప్పుడు చాలామంది ‘మళ్లీ ఒకసారి కొట్టి చూద్దాం’ అని మొదటికొచ్చి మొదలుపెడతారు. తప్పు కేబుల్‌ది అయితే దానివల్ల పోయేదేమీ లేదు. పాత డిస్కే కొన ఊపిరితో ఉంటే మాత్రం ప్రతి ప్రయత్నమూ దానికి మిగిలిన కాస్త ఆయుష్షునీ తినేస్తుంది. నాలుగోసారికి డిస్క్ అసలు కనిపించడమే మానేస్తుంది.

అందుకే ఈ మార్గదర్శిలో మొదటి నియమం ఇది: ఎర్రర్ వచ్చిన వెంటనే ఆపండి, మూడింటిలో దోషి ఎవరో తేల్చండి, ఆ తర్వాతే మళ్లీ మొదలుపెట్టండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో షాపుల బిల్లింగ్ సిస్టమ్‌లు, మీసేవ కేంద్రాలు, మిల్లుల ఆఫీసులు ఇప్పటికీ చాలావరకు పాత హార్డ్ డిస్క్‌ల మీదే నడుస్తున్నాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఎస్‌ఎస్‌డీ వేయించి కొత్త విండోస్‌కు మారేవాళ్లు పెరిగారు. ఏళ్ల తరబడి తిరిగిన డిస్క్‌ను మొదటి అంగుళం నుంచి చివరిదాకా ఒకే ఊపులో చదివించే పని క్లోనింగే. అప్పటిదాకా ఎవరూ ముట్టని మూలల్లో దాగిన బ్యాడ్ సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న గళ్లలో పాడైనవి, అందుకే ఆ రోజే బయటపడతాయి. క్లోనింగ్ వల్ల డిస్క్ పాడైందనుకోవద్దు. అది అప్పటికే పాడై ఉంది.

మొదలుపెట్టే ముందు: కరెంటు, వేడి, తేమ

పని మధ్యలో కరెంటు పోతే కొత్త డిస్క్‌లో సగం రాసిన పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) మిగులుతుంది. దాన్ని చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. పాత డిస్క్ సంగతి వేరు. తిరుగుతూ ఉండగా విద్యుత్ ఆగితే లోపలి హెడ్ హఠాత్తుగా వెనక్కి వెళ్లి పార్క్ కావాలి. బలహీనపడిన డిస్క్ ఆ దెబ్బకు మళ్లీ తిరగకపోవచ్చు. 600 వీఏ యూపీఎస్ డెస్క్‌టాప్‌ను పది, పదిహేను నిమిషాలు మోస్తుందేమో గానీ మూడు గంటల క్లోనింగ్‌ను మోయదు. వీలైతే బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్‌కు రెండు డిస్క్‌లూ తగిలించి చేయండి. ఇన్వర్టర్ మీదైతే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారే ఆ కొద్ది క్షణాల్లోనే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. ఈపీడీసీఎల్ మరమ్మతుల కోతల వివరాలు జిల్లా పేపర్లలో ముందే వస్తుంటాయి, ఒకసారి చూసుకోండి. అక్టోబర్, నవంబర్ నెలల్లో వాయుగుండం కబురు ఉంటే పని వాయిదా వేయడమే మేలు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయంలో సగం చదివిన డిస్క్ చేతిలో పెట్టుకుని కూర్చోకూడదు.

వేసవిలో హార్డ్ డిస్క్ వేడిని 50 డిగ్రీల లోపు ఉంచండి. టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా పెడితే చాలు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చే సిస్టమ్‌లలో కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. రైస్ మిల్లుల్లో తవుడు దుమ్ము, పలాస జీడి ఫ్యాక్టరీల్లో పొగ జిడ్డు కనెక్టర్ల లోపలికి చేరతాయి. సీపీయూ డబ్బా తెరిచి ర్యాంను, కేబుళ్లను తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మళ్లీ బిగించాలి. ఈ ఒక్క పనితోనే పోయే ఎర్రర్లు చాలా ఉన్నాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: కొత్త ఎస్‌ఎస్‌డీ, రెండు మంచి సాటా కేబుళ్లు (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపేవి), ఒక యూఎస్‌బీ 3.0 కన్వర్టర్ కేబుల్ (డిస్క్‌ను యూఎస్‌బీ పోర్టుకు తగిలించేది), లైవ్ లైనక్స్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్) కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్, విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్, వీటికి తోడు డేటా పట్టేంత మరో ఎక్స్‌టర్నల్ డిస్క్. చివరిది లేకుండా ఎర్రర్ ఇచ్చే డిస్క్ మీద చేయి వేయవద్దు.

డిస్క్ తన గురించి తాను రాసుకున్నది చదవడం

ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది. దాన్నే స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అది కనిపిస్తుంది. పైన నీలం రంగులో ‘గుడ్’ అని ఉందని సంబరపడొద్దు, కింది అంకెలే అసలు. అవి మొదట హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) ఉంటాయి, అంటే ఏ8 అని కనిపిస్తే 168 అన్నమాట. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ తెరిచి 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెల్లోకి వస్తాయి.

హార్డ్ డిస్క్‌లో చూడాల్సినవి నాలుగే వరుసలు.

05: రీఅలోకేటెడ్ సెక్టార్లు. పాడైన చోటును వదిలేసి డిస్క్ తన దగ్గరి స్పేర్ చోటు ఎన్నిసార్లు వాడుకుందో ఈ అంకె చెబుతుంది. నెలల తరబడి 8 దగ్గరే నిలబడి ఉంటే అంత భయం లేదు. ఉదయం 8, సాయంత్రం 40 అయితే క్లోనింగ్ మాట మరిచిపోయి డేటా మాట చూడండి.

సీ5: పెండింగ్ సెక్టార్లు. చదవడానికి ప్రయత్నించి ఓడిపోయి, ఇంకా తేల్చుకోని చోట్లు ఇవి. క్లోనింగ్‌ను ఆపేది ప్రధానంగా ఇదే. సున్నా కాకపోతే మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ తెరవనే వద్దు.

సీ6: సరిదిద్దలేని సెక్టార్లు. సీ5కు తోడుగా ఇదీ పెరుగుతుంది.

సీ7: సీఆర్‌సీ ఎర్రర్లు. డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోయిన లెక్క. 05, సీ5, సీ6 సున్నాగా ఉండి సీ7 మాత్రం 1,284 ఉందంటే డిస్క్ నిర్దోషి, కేబుల్ దోషి. ఈ అంకె మళ్లీ ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతుందా లేదా అన్నదే చూడాలి.

సీగేట్ డిస్క్‌లలో 01, 07 వరుసల్లో కోట్లలో అంకెలు కనిపించి గుండె గుభేలుమంటుంది. ఆ కంపెనీ అక్కడ లెక్కను వేరే తీరులో రాస్తుంది, వాటిని పట్టించుకోనక్కర్లేదు.

ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలకు, అంటే సాటా కంటే వేగమైన రకానికి, ఈ వరుసలు ఉండవు. అక్కడ ‘పర్సెంటేజ్ యూజ్డ్’, ‘అవైలబుల్ స్పేర్’, ‘మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్’ చూడండి. మూడోది సున్నా ఉండాలి. కొన్ని యూఎస్‌బీ కేసింగ్‌లు (డిస్క్‌ను పెట్టే డబ్బాలు) స్మార్ట్ సమాచారాన్ని అసలు బయటికి రానివ్వవు. అప్పుడు డిస్క్‌ను తీసి సిస్టమ్ లోపలి సాటాకే తగిలించి చూడాలి.

ఎర్రర్ నంబర్ ఏమంటోంది

క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు తమ పేరుతో చూపించే నంబర్లలో చాలావాటిని ఇచ్చేది విండోసే. ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని 23 వస్తే దాదాపు ఎప్పుడూ పాత డిస్క్‌లో చదవలేని చోటే. 1117, అంటే ఐ/ఓ డివైస్ ఎర్రర్, మూడింటిలో ఎవరి వల్లయినా రావచ్చు, దాన్నొక్కదాన్నీ చూసి తీర్పు చెప్పకండి. 121, ‘సెమఫోర్ టైమౌట్’, యూఎస్‌బీ ద్వారా చేసేటప్పుడు ఎక్కువగా వస్తుంది. కన్వర్టర్‌నో, దానికి అందే పవర్‌నో ముందు అనుమానించాలి. 433, 1167 అంటే డిస్క్ మధ్యలో మాయమైపోయిందని అర్థం.

నిజం తేల్చేది ఈవెంట్ వ్యూయర్, అంటే సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే చిట్టా. విండోస్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి దాన్ని తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. క్లోనింగ్ ఆగిన నిమిషం దగ్గరికి వెళ్లండి. సోర్స్ ‘డిస్క్’, నంబర్ 7 ఉంటే బ్యాడ్ బ్లాక్. 153 అంటే ఒకసారి అడిగిన పని మళ్లీ అడగాల్సి వచ్చింది. 129 అంటే కంట్రోలర్ విసిగిపోయి డిస్క్‌ను రీసెట్ చేసింది. 157 అంటే అనుకోకుండా డిస్క్ ఊడిపోయింది. 129లో తప్ప మిగతా వరుసల్లో హార్డ్‌డిస్క్ 0 అనో డిస్క్ 1 అనో ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డిస్క్ 0 ఏదో, డిస్క్ 1 ఏదో సరిపోల్చండి. చదివేవైపు తప్పా, రాసేవైపు తప్పా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ రెండు నిమిషాల పని చాలామంది చేయరు. చేస్తే సగం రోజు మిగులుతుంది.

దారి: కేబుల్, కన్వర్టర్, పవర్

అన్నిటికన్నా తేలికగా సరిచేయగలిగేది దారే కాబట్టి అక్కడే మొదలుపెట్టండి.

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 ఇచ్చేది 900. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగవచ్చు. అందుకే డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులో పెడితే టిక్కుటిక్కుమని ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. వెనకవైపు బోర్డు పోర్టుకు నేరుగా పెట్టండి, హబ్ వద్దు. డెస్క్‌టాప్ పెద్ద హార్డ్ డిస్క్‌కు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీలోంచి అవి రావు. కన్వర్టర్‌తో పాటు అడాప్టర్ తప్పనిసరి.

అవకాశం ఉంటే కన్వర్టర్ జోలికే పోవద్దు. డెస్క్‌టాప్‌లో రెండు డిస్క్‌లనూ సాటా పోర్టులకే తగిలించండి. వేగం కూడా కలిసొస్తుంది: 500 జీబీ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున గంటా ఇరవై నిమిషాల్లో అవుతుంది, యూఎస్‌బీ 2.0 మీద 32 ఎంబీ చొప్పున నాలుగు గంటలు దాటుతుంది. చావుకు దగ్గరైన డిస్క్‌కు ఆ తేడా ప్రాణం లాంటిది.

కన్వర్టర్లతో ఇంకో చిక్కుంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. కొన్ని కేసింగ్‌లు, డాక్‌లు డిస్క్‌ను 512 బైట్ల సెక్టార్లతో కాకుండా 4096 బైట్ల సెక్టార్లతో విండోస్‌కు చూపిస్తాయి. క్లోన్ నూటికి నూరు పూర్తవుతుంది, ఎర్రర్ ఉండదు. డిస్క్‌ను కేసింగ్‌లోంచి తీసి సాటాకు తగిలించగానే ‘అన్‌అలోకేటెడ్’ అని ఖాళీగా కనిపిస్తుంది. పార్టిషన్ల చిరునామాలు వేరే కొలతలో రాసి ఉండటమే కారణం. డిస్క్ పోలేదు. నేరుగా సాటా మీద పెట్టి మళ్లీ చేయాలి.

సిస్టమ్ లోపల అయితే: సాటా డేటా కేబుల్ మార్చండి, బోర్డు మీద పోర్టు మార్చండి, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే పవర్ వైరులో వేరే పిన్ను ఇవ్వండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే నయమైనా దేనివల్ల నయమైందో తెలీదు.

కొత్త డిస్క్ మీద అనుమానం ఉంటే

కొత్తది కదా అని దాన్ని వదిలేయకండి.

సైజు దగ్గరే మొదటి తగువు. 500 జీబీ హార్డ్ డిస్క్‌లో సాధారణంగా 97,67,73,168 సెక్టార్లుంటాయి. 480 జీబీ ఎస్‌ఎస్‌డీలో 93,77,03,088 మాత్రమే. డేటా 120 జీబీయే ఉన్నా, క్లోన్‌జిల్లా అనే ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ మామూలు పద్ధతిలో కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదైతే ఒప్పుకోదు. పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటేనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చివరి పార్టిషన్‌ను ష్రింక్ చేసి, తర్వాత క్లోన్ చేయండి. సీ5లో అంకె ఉంటే ష్రింక్ వద్దు, ఫైళ్లను అటూ ఇటూ జరిపే పని ఆ డిస్క్‌కు పెట్టకూడదు. 512 జీబీదో 1 టీబీదో తెచ్చుకోవడం నయం.

డిస్క్ అసలు కనిపించకపోతే ఎం.2 స్లాటును (బోర్డు మీద సన్నటి బిళ్ల లాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే గాడి) గమనించండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా సాటా ఎం.2 వేరు, ఎన్‌వీఎంఈ వేరు. కొన్ని స్లాట్లు ఒకదాన్నే ఒప్పుకుంటాయి, కేసింగ్‌లూ అంతే. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 నింపితే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేస్తుంది. పాత డిస్క్ హఠాత్తుగా మాయమైందని కంగారుపడేవాళ్లు ముందు బోర్డు మాన్యువల్ చూసి పోర్టు మార్చాలి.

కనిపించినా రాయనివ్వకపోతే, అంటే రీడ్ ఓన్లీ అని మొరాయిస్తే, డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్ సాధనంలో ఆ డిస్క్‌ను ఎంచుకుని ‘యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ’, తర్వాత ‘క్లీన్’ ఇవ్వండి. ఇక్కడ ప్రాణాలు చేతిలో పెట్టుకుని పనిచేయాలి. ‘లిస్ట్ డిస్క్’ కొట్టి, సైజు చూసి, ‘సెలెక్ట్ డిస్క్’ తర్వాత మళ్లీ ఒకసారి ‘డీటెయిల్ డిస్క్’ కొట్టి మోడల్ పేరు చదివాకే ‘క్లీన్’ ఇవ్వండి. ఒక్క అంకె తేడాతో పాత డిస్క్ క్లీన్ అయిపోయిన కేసులు తక్కువేం కాదు. సందేహం ఉంటే పాత డిస్క్ కేబుల్ పీకేసి ఈ పని చేయండి. క్లీన్ చేశాక కూడా రీడ్ ఓన్లీగానే ఉంటే ఆ ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు అయిపోయింది, తిరిగిచ్చేయండి.

చవక ఎస్‌ఎస్‌డీలకు రెండు జబ్బులు. ఒకటి, మొదటి కొన్ని పదుల జీబీలు మెరుపులా రాసి, లోపలి క్యాష్ (వేగంగా రాసే తాత్కాలిక చోటు) నిండగానే హార్డ్ డిస్క్ కంటే నిదానిస్తాయి. ఇది లోపం కాదు, ఓపిక పట్టండి. ఎన్‌వీఎంఈ అయితే వేడెక్కి కూడా నెమ్మదిస్తుంది, గాలి తగలనివ్వండి. రెండోది ప్రమాదకరం: డబ్బా మీద 1 టీబీ అని రాసి లోపల ఎంతో తక్కువ ఉన్న నకిలీలు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాధనంతో డిస్క్ మొత్తం రాయించి చదివించి చూస్తే బండారం బయటపడుతుంది. ఊరూపేరూ లేని ఎస్‌ఎస్‌డీకి క్లోనింగ్‌కు ముందే ఈ పరీక్ష పెట్టండి, దాని మీద డేటా ఉన్నాక పెట్టి లాభం లేదు.

ఇంకొక గుర్తు: బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో, మీ ఎస్‌ఎస్‌డీ కంపెనీ పేరు బదులు ‘సాటాఫర్మ్ ఎస్11’ అని వింత పేరు కనిపిస్తే దాని కంట్రోలర్ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్) పడిపోయింది. కేబుళ్లు మార్చి లాభం లేదు. కొత్తదైతే వారంటీకి పంపండి. పాత సిస్టమ్ డిస్కే అలా కనిపిస్తే అది డేటా రికవరీ వాళ్ల పని.

పాత డిస్కే దోషి అయితే

ఇక్కడ తొందరపడితే నష్టపోతాం, నిదానంగా సాగండి.

వద్దన్న పనులు ముందు. డిస్క్ తప్పులు సరిదిద్దే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్‌ను (టైపు చేసేది సీహెచ్‌కేడీఎస్‌కే) స్లాష్ ఆర్‌తో పెట్టకండి. అది డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది, చదవలేని చోట ఫైల్ సిస్టమ్‌ను తన లెక్కతో ‘బాగుచేస్తుంది’, ఆ బాగుచేతలో రేపు తీసుకోగలిగిన ఫైళ్లూ పోతాయి. డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చడం) వద్దు. ఫ్రిజ్‌లో పెడితే తిరుగుతుందన్న మాట నమ్మొద్దు, మన తీరపు తేమలో బయటికి తీయగానే లోపల నీరు పడుతుంది. డిస్క్ మూత తెరవొద్దు. అదే మోడల్ పాత డిస్క్‌లోంచి బోర్డు తీసి దీనికి బిగించవద్దు, ఆ బోర్డు మీది చిప్‌లో ఈ ఒక్క డిస్క్‌కే చెందిన కొలతలుంటాయి.

టక్ టక్ మని ఒకే లయలో చప్పుడు వస్తుంటే, గీస్తున్న శబ్దం వస్తుంటే, వెంటనే పవర్ తీయండి. ఇంట్లో చేయగలిగింది అక్కడితో అయిపోయింది.

చప్పుడు లేకుండా నిదానంగా, ఆగిఆగి చదువుతుంటే మొదటి అడుగు ముఖ్యమైన ఫైళ్లు బయటికి లాగడం. యజమానిని అడగండి, ‘ఇందులో ఏది పోతే మీకు పని ఆగిపోతుంది?’ అని. షాపు అయితే టాలీ డేటా ఫోల్డర్, జీఎస్టీ ఫైళ్లు. స్టూడియో అయితే పెళ్లి ఫొటోలు. ఇల్లయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, వాటిలో స్కాన్ చేసిన పట్టాలు, సర్టిఫికెట్లు. పది జీబీ కూడా ఉండదు సాధారణంగా. అవి మూడో డిస్క్‌లోకి చేరాక మిగిలినదాని గురించి నెమ్మదిగా ఆలోచించవచ్చు.

రెండో అడుగు డీడీరెస్క్యూ. సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేస్తే ఇది అందులో సిద్ధంగా ఉంటుంది. మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ చదవలేని చోట మొండికేసి ఆగుతుంది. డీడీరెస్క్యూ అలాంటి చోటును దాటేసి ముందు మంచి చోట్లన్నీ కాపీ చేస్తుంది, మిగిలిన మొండి ముక్కల దగ్గరికి ఆఖర్న వస్తుంది. పంట కోతలో నిలబడ్డ చేను ముందు కోసుకుని, పడిపోయిన మడిని చివర్లో చూసుకున్నట్టు. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. ఆ మ్యాప్ ఫైల్‌ను మూడో డిస్క్‌లోనో వేరే పెన్‌డ్రైవ్‌లోనో పెట్టండి. లైవ్ లైనక్స్ సొంత ఫోల్డర్‌లో పెడితే రీస్టార్ట్‌తో మాయమైపోతుంది.

కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు రాస్తున్నాం, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైపు చేయండి.

ముందు డిస్క్‌ల పేర్లు: ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే, స్పేస్, మైనస్ ఓ, స్పేస్, నేమ్ కామా సైజ్ కామా మోడల్ కామా సీరియల్’. ఏది ఎస్‌డీఏ, ఏది ఎస్‌డీబీ అన్నది సీరియల్ నంబరుతో, డిస్క్ మీది స్టిక్కరు చూసి, కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేస్తే ఈ పేర్లు తారుమారు కావచ్చు, ప్రతిసారీ మళ్లీ చూడండి.

మొదటి దఫా: ‘డీడీరెస్క్యూ, స్పేస్, మైనస్ ఎఫ్, స్పేస్, మైనస్ ఎన్, స్పేస్, పాత డిస్క్, స్పేస్, కొత్త డిస్క్, స్పేస్, మ్యాప్ ఫైల్’. డిస్క్ పేర్లకు ముందు స్లాష్ డెవ్ స్లాష్ ఉండాలి. పాతది ముందు, కొత్తది తర్వాత. ఈ వరుస తారుమారైతే ఖాళీ డిస్క్ మీ డేటా మీద పడుతుంది. మైనస్ ఎన్ అంటే మొండి చోట్లను గీకొద్దని.

రెండో దఫా: మైనస్ ఎన్ తీసేసి ‘మైనస్ డీ, స్పేస్, మైనస్ ఆర్3’ పెట్టి, మిగతాదంతా అలాగే, అదే మ్యాప్ ఫైల్‌తో. ఇప్పుడు మొండి చోట్ల దగ్గర మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఇంకా మిగిలితే మైనస్ పెద్ద ఆర్ చేర్చి వెనక నుంచి ముందుకు చదివించండి, కొన్ని సెక్టార్లు అటునుంచి దొరుకుతాయి.

స్క్రీన్ మీద ‘పర్సెంట్ రెస్క్యూడ్’ చూస్తూ ఉండండి. 99.9 దాటి అక్కడే గంటల తరబడి నిలబడితే ఆపేయొచ్చు. మిగిలిన ఆ కొద్ది కేబీల కోసం డిస్క్‌ను చంపక్కర్లేదు. వేగం సెకనుకు కొన్ని కేబీలకు పడిపోయి లేవకపోతే ఆపి, పవర్ తీసి, డిస్క్ చల్లబడ్డాక మళ్లీ అదే మ్యాప్‌తో మొదలుపెట్టండి. 40 శాతం కూడా దాటకుండా డిస్క్ మాటిమాటికీ మాయమవుతుంటే, అందులో నిజంగా విలువైనది ఉంటే, ఇక తాకకండి.

క్లోన్‌జిల్లా ‘ఎన్‌టీఎఫ్‌ఎస్ డర్టీ’ (ఫైల్ సిస్టమ్ సరిగా మూయలేదు) అని ఆగిపోతే మందు డిస్క్ ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. పాత డిస్క్‌కు చెక్‌డిస్క్ పెట్టమని అది సలహా ఇస్తుంది. ఆరోగ్యమైన డిస్క్ అయితే పెట్టండి. చాలాసార్లు ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ పూర్తిగా ఆరకుండా నిద్రపోయే సెట్టింగ్) వల్లే ఆ గుర్తు పడుతుంది, షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే పోతుంది. పెండింగ్ సెక్టార్లున్న డిస్క్ అయితే డీడీరెస్క్యూతో కాపీ తీసి, చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్‌ను ఆ కాపీ మీదే నడపండి.

కాపీ అయింది, బూట్ కావట్లేదు

మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ తీసేయండి. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉండటంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, లేదంటే తెలీకుండా పాతదాన్నుంచే బూట్ అయి ‘వేగం పెరగలేదేమిటి’ అనిపిస్తుంది.

0ఎక్స్‌సీ000000ఈ, 0ఎక్స్‌సీ0000225 కోడ్‌లు వస్తే బూట్ ఫైళ్లు పాత డిస్క్ చిరునామాను వెతుకుతున్నాయి. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, డిస్క్‌పార్ట్‌లో ‘లిస్ట్ వాల్యూమ్’ కొట్టండి. 100 ఎంబీ ఉన్న ఫ్యాట్32 వాల్యూమ్‌ను ఎంచుకుని ‘అసైన్ లెటర్ ఈక్వల్ ఎస్’ ఇచ్చి బయటికి రండి. తర్వాత ‘బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ’. ఈ తెరలో విండోస్ ఉన్న డ్రైవ్ సీ కాకుండా డీ అయి ఉండొచ్చు, లిస్ట్‌లో చూసి సరైన అక్షరం వాడండి.

పాత సిస్టమ్‌లలో పార్టిషన్లు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటాయి. క్లోన్ కూడా అలాగే వస్తుంది, బయోస్‌లో లెగసీ లేదా సీఎస్‌ఎం (పాత తరహా బూట్) ఆన్‌లో ఉంటేనే లేస్తుంది. విండోస్ 11కు వెళ్లాలంటే ముందు ఇలాగే లేపి, తర్వాత ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే విండోస్ సాధనంతో కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, అప్పుడు బయోస్‌ను యూఈఎఫ్ఐకి (కొత్త తరహా బూట్) తిప్పండి.

‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర వస్తే సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారడమే సాధారణ కారణం, ఆ డ్రైవర్ బూట్‌లో లేదు. రెండు మూడుసార్లు విఫలమయ్యాక వచ్చే రిపేర్ తెరలోంచి సేఫ్ మోడ్‌లోకి ఒక్కసారి వెళితే డ్రైవర్ ఎక్కి, తర్వాత మామూలుగా లేస్తుంది. బయోస్‌లో ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీ సెట్టింగులు (బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరు ఇవే చెబుతాయి) పాత డిస్క్ ఉన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. మార్చే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ రక్షణ) సంగతి క్లోనింగ్‌కు ముందే చూడాలి. కొత్త విండోస్ 11లో అది ఎవరూ ఆన్ చేయకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగి అప్పుడు క్లోన్ చేయండి. డిస్క్ ఆరోగ్యం బాగోకపోతే డీక్రిప్ట్ చేయకుండా ఉన్నదున్నట్టు కాపీ తీసి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని 48 అంకెల రికవరీ కీతో తర్వాత తెరవండి.

కాపీని పరీక్షించడం

లేచింది కదా అని అప్పగించేయకండి. కొత్త డిస్క్ మీద చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్, తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ’ నడపండి. విండోస్ ఫైళ్లు చెడితే అదే సరిచేస్తుంది. యజమాని ఫైళ్లను మాత్రం ఎవరూ సరిచేయరు. డీడీరెస్క్యూ కొన్ని చోట్లు వదిలేసి ఉంటే, దాని ఫిల్ మోడ్‌తో ఆ చోట్లలో ఒక గుర్తు మాట నింపి, ఆ మాటను ఫైళ్లలో వెతికితే ఏవి దెబ్బతిన్నాయో జాబితా వస్తుంది. టాలీ తెరిచి ఈ ఏడాది, నిరుటి ఏడాది బ్యాలెన్స్ షీట్లు వస్తున్నాయో చూడండి, ఒక పాత బిల్లు ప్రింట్ తీయించండి. విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మారితే పోదు. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం మళ్లీ యాక్టివేట్ చేయమంటాయి, ఆ వివరాలు ముందే అడిగి ఉంచుకోండి.

పాత డిస్క్‌ను ఫార్మాట్ కొట్టి ‘బ్యాకప్‌కు పనికొస్తుంది’ అని తిరిగి బిగించకండి. సీ5, 05 పెరిగినది బ్యాకప్‌కు పనికిరాదు. యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, తేదీ, సిస్టమ్ పేరు రాసి, కనీసం ఒక జీఎస్టీ రిటర్న్ గడువు దాటేదాకా, వీలైతే మూడు నెలలు పొడి చోట ఉంచండి. మరిచిపోయిన ఫోల్డర్ ఆ మధ్యలోనే గుర్తొస్తుంది. రికవరీకి విశాఖకో హైదరాబాద్‌కో ఆర్టీసీ కార్గోలో పంపాల్సి వస్తే అన్నివైపులా రెండు అంగుళాల మందం స్పాంజి ఉండేలా అట్టపెట్టెలో కదలకుండా సర్దండి. వట్టి పేపర్లు చుట్టి పంపొద్దు. డీడీరెస్క్యూ మ్యాప్ ఫైల్‌ను, స్మార్ట్ తెర ఫొటోను వాళ్లకు ముందే వాట్సాప్‌లో పంపితే ఏ చోటు నుంచి మొదలుపెట్టాలో వాళ్లకు తెలుస్తుంది.